వెయ్యి మైళ్ల మంచు దారికి కుక్కల జట్టు ఎలా సిద్ధమవుతుంది?

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఏటా మార్చి మొదటి శనివారం యాంకరేజ్ నగరం నడివీధికి లారీల్లో మంచు తెచ్చి పరుస్తారు. ఆ మంచు మీదుగా వందలాది కుక్కలు మొరుగుతూ, పట్టీలను బలంగా లాగుతూ బయలుదేరతాయి. ఇది ప్రేక్షకుల కోసం జరిగే లాంఛనం మాత్రమే. అసలు పోటీ మర్నాడు మొదలవుతుంది. బేరింగ్ సముద్ర తీరంలోని నోమ్ పట్టణం దాకా దాదాపు 1,600 కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద ఎంత దూరమో ఇంచుమించు అంత. అయితే ఈ దారిలో రోడ్డు ఉండదు. పర్వత కనుమలు, గడ్డకట్టిన నదులు, చెట్టు కూడా లేని తీర మైదానాలు దాటుకుంటూ పోవాలి. ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీల దిగువకు పడిపోయే రోజులూ ఉంటాయి. ఈ పోటీ పేరు ఇడిటరాడ్.

1973లో తొలిసారి నోమ్ వరకు జరిగిన ఈ పోటీలో విజేతకు సుమారు 20 రోజులు పట్టింది. 2017లో మిచ్ సీవీ జట్టు 8 రోజుల 3 గంటల 40 నిమిషాల్లో చేరుకుంది. ఈ తేడాకు మెరుగైన దారి, తేలికైన బండ్లు కొంత కారణం. కుక్కలను ఎంచుకోవడంలో, మేపడంలో, పరుగుకూ విశ్రాంతికీ సమయాన్ని పంచడంలో వచ్చిన మార్పులు మరికొంత కారణం. స్లెడ్ కుక్కను సిద్ధం చేయడమంటే వేగంగా పరుగెత్తడం నేర్పడమని చాలామంది అనుకుంటారు. నిజానికి పరుగు వాటికి నేర్పనక్కర్లేదు. రోజూ పరుగెత్తి కూడా రోజూ తినగలగడం, ఆగిన వెంటనే పడుకోగలగడం, మర్నాడు మళ్లీ అదే ఉత్సాహంతో లేవగలగడం... ఎనిమిది నెలల సన్నద్ధత అంతా వీటి కోసమే.

జట్టులో ఎవరెవరు?

మంచు మీద జారే బండిని స్లెడ్ అనీ, దాన్ని నడిపే మనిషిని మషర్ అనీ అంటారు. ఇడిటరాడ్‌లో ఒక్కో జట్టులో ఉండగల కుక్కల గరిష్ఠ సంఖ్య నిబంధనలతో పాటు మారుతూ వచ్చింది. వాటిని జంటలుగా ఒకే పొడవాటి తాడుకు కడతారు. అన్నిటికంటే ముందుండేవి నాయక కుక్కలు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు తిరగాలని వాటికి తెలుసు. మషర్ చేతిలో కళ్లెం ఉండదు. గొంతే పగ్గం. నాయకుల వెనుక ఉన్న జంట మలుపుల్లో తాడును తిప్పడానికి తోడ్పడుతుంది. బండికి అతి దగ్గరగా ఉండే చివరి జంట బలమైనదై ఉండాలి. బండి బరువు, కుదుపులు ముందుగా పడేది వాటి మీదే.

సినిమాల్లో కనిపించే నీలి కళ్ల సైబీరియన్ హస్కీలు ఈ పోటీలో తక్కువ. ఎక్కువ జట్లలో ఉండేవి అలాస్కన్ హస్కీలు. వీటి బరువు సాధారణంగా 20 నుంచి 25 కిలోలు. ఇది రూపాన్ని చూసి పెంచిన జాతి కాదు. పని చూసి తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన సంతతి. 2010లో హెదర్ హ్యూసన్, ఎలేన్ ఆస్ట్రాండర్ తదితర శాస్త్రవేత్తలు వీటి జన్యువులను పరిశీలించి, మిశ్రమ సంతతి అయినప్పటికీ ఇవి జన్యుపరంగా ప్రత్యేకమైన సమూహమని తేల్చారు. సైబీరియన్ హస్కీ, అలాస్కన్ మాలమ్యూట్‌లతో పాటు పాయింటర్, సలూకీ వంటి జాతుల ఆనవాళ్లు కూడా వాటిలో కనిపించాయి.

ఈ కుక్కలకు ప్రజా చరిత్రలోనూ చోటుంది. 1925 జనవరిలో నోమ్‌లో డిఫ్తీరియా వ్యాపించినప్పుడు, రైలు వచ్చే నెనానా నుంచి విరుగుడు మందును దాదాపు 1,085 కిలోమీటర్లు మోసుకెళ్లింది కుక్కల బండ్లే. సుమారు 20 మంది మషర్లు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ ఐదున్నర రోజుల్లో మందును చేర్చారు. తరవాత మోటారుతో నడిచే మంచు వాహనాలు రావడంతో పల్లెల్లో కుక్కల జట్లు మాయమవడం మొదలైంది. ఆ సంప్రదాయాన్ని కాపాడాలని జో రెడింగ్టన్ వంటివారు పూనుకోవడంతో ఇడిటరాడ్ పుట్టింది.

ఆగస్టులోనే మొదలు

మార్చిలో జరిగే పోటీకి సాధన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ఆరంభమవుతుంది. అప్పటికి మంచు ఉండదు. అందుకని కుక్కలను నాలుగు చక్రాల మోటారు బండికి కట్టి, మట్టి దారుల మీద లాగిస్తారు. ఇంజిన్‌ను గేర్‌లో ఉంచితే వేగం అదుపులో ఉంటుంది. లాగడానికి తగినంత బరువూ దొరుకుతుంది. మొదట్లో కొద్ది కిలోమీటర్లే. వారాలు గడిచేకొద్దీ దూరం పెరుగుతుంది. డిసెంబరు నాటికి ఒక్కో పరుగు 50 నుంచి 80 కిలోమీటర్లకు చేరుతుంది. పోటీ నాటికి ఒక్కో కుక్క వేల కిలోమీటర్లు పూర్తి చేసి ఉంటుంది.

ఇంత నెమ్మదిగా పెంచడానికి కారణం ఉంది. శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో గట్టిపడవు. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం వారాల్లోనే పెరుగుతుంది. స్నాయువులు, కీళ్లు, ఎముకలు ఆ భారానికి అలవాటు పడటానికి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. ఊపిరి అందుతోంది కదా అని దూరం పెంచేస్తే మణికట్టు కీలు, భుజం ముందుగా దెబ్బతింటాయి. దీర్ఘకాల సాధనతో స్లెడ్ కుక్కల గుండె పరిమాణం పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి. మారథాన్ పరుగు క్రీడాకారుల్లో కనిపించే మార్పు లాంటిదే ఇది. కిలో శరీర బరువుకు నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్‌ను లెక్కిస్తే, సాధన పొందిన స్లెడ్ కుక్క మేటి మానవ క్రీడాకారుల కంటే సుమారు రెట్టింపు స్థాయిలో ఉంటుంది.

సాధన కుక్కలకే కాదు. కొత్త మషర్ నేరుగా ఇడిటరాడ్‌కు రాలేడు. ముందు చిన్న దూరాల అర్హత పోటీలను పూర్తి చేయాలి. జట్టును చూసుకోగలనని అక్కడ నిరూపించుకోవాలి.

545 వాట్ల జీవి

ఈ కుక్కలు పోటీలో ఎంత శక్తి ఖర్చు చేస్తాయో తెలుసుకోవడానికి కెన్నెత్ హించ్‌క్లిఫ్ బృందం చేసిన కొలత ఈ రంగంలో ప్రసిద్ధం. 1997లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో కుక్కలు చలిలో మూడు రోజుల్లో సుమారు 490 కిలోమీటర్లు పరుగెత్తాయి. పరుగెత్తే జంతువు ముఖానికి గొట్టాలు తగిలించి రోజుల తరబడి శ్వాసను కొలవడం కుదరదు. అందుకే ప్రత్యేకమైన నీటిని వాడారు. అందులో బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఆ హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ నీటి రూపంలోనూ, కార్బన్ డయాక్సైడ్ రూపంలోనూ పోతుంది. రెండూ తగ్గే వేగాల్లో తేడాను బట్టి ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో, దాన్ని బట్టి ఎంత ఇంధనం ఖర్చయిందో లెక్కించవచ్చు.

ఫలితం: ఒక్కో కుక్క రోజుకు సగటున 47,100 కిలోజౌళ్లు ఖర్చు చేసింది. అంటే దాదాపు 11,250 కిలో కేలరీలు. పెద్దగా శారీరక శ్రమ లేని వయోజనుడికి మన దేశంలో రోజుకు సుమారు 2,100 కిలో కేలరీలు చాలంటారు. ఆ లెక్కన ఐదుగురు మనుషుల తిండి, మనిషిలో మూడో వంతు బరువున్న ఒక్క కుక్కకు కావాలి. దీన్నే విద్యుత్తు భాషలో చెబితే 24 గంటల సగటు 545 వాట్లు. ఊరికే పడుకుని ఉన్న కుక్కకు అవసరమయ్యే శక్తికి ఇది సుమారు 14 రెట్లు. ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ వీరులు తమ విశ్రాంతి శక్తికి నాలుగైదు రెట్ల దగ్గరే ఉంటారు.

ఇంత శక్తిని కడుపులోకి ఎలా పంపాలన్నదే మషర్ ముందున్న అసలు సమస్య. అన్నంతో 11,000 కిలో కేలరీలు అందించాలంటే ఎనిమిది కిలోలకు పైగా పెట్టాలి. ఆ కుక్క బరువే 25 కిలోలు. అందుకే కొవ్వును ఆశ్రయిస్తారు. గ్రాము పిండిపదార్థం లేదా ప్రోటీన్ 4 కిలో కేలరీలు ఇస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. పోటీ రోజుల్లో స్లెడ్ కుక్కలు పొందే శక్తిలో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తుంది. పశుమాంసం, సాల్మన్ చేప, జంతువుల కొవ్వు, అధిక పోషకాలున్న ఎండు దాణా కలిపి పెడతారు. అయితే కొవ్వును ఒక్కసారిగా పెంచితే విరేచనాలు పట్టుకుంటాయి. శీతాకాలం ముదిరేకొద్దీ, సాధన పెరిగేకొద్దీ దాని మోతాదును మెల్లగా పెంచుతూ పేగులను అలవాటు చేస్తారు. పరుగుతో పాటు జీర్ణశక్తికి కూడా సాధన ఉంటుందన్నమాట.

ప్రోటీన్ విషయంలోనూ పరిశోధనలు దారి చూపాయి. ఆర్లీ రేనాల్డ్స్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మొత్తం శక్తిలో ఐదో వంతు కంటే తక్కువ ప్రోటీన్ నుంచి పొందిన కుక్కలకు సాధన కాలంలో గాయాలు ఎక్కువయ్యాయి. అంతకంటే ఎక్కువ ప్రోటీన్ తిన్నవి మెరుగ్గా నిలిచాయి.

రెండో రోజు జరిగే వింత

కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం అయిపోతే మనిషి పరుగు దాదాపు ఆగిపోతుంది. మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామంది కుప్పకూలినట్టు అయిపోవడానికి ప్రధాన కారణం ఇదే. కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉన్న తిండితో రోజుకు 150 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే కుక్కకు ఆ పరిస్థితి రెండో రోజే రావాలి. కానీ రాదు.

ఎరికా మెకెంజీ, మైఖేల్ డేవిస్ తదితరులు వరుస రోజుల్లో ఎక్కువ దూరం పరుగెత్తిన కుక్కల కండరాల నుంచి చిన్న నమూనాలు తీసి చూశారు. మొదటి రోజు గ్లైకోజెన్ బాగా తగ్గింది. తర్వాతి రోజుల్లో అంతే దూరం పరుగెత్తినా ఆ నిల్వలు మరింత దిగజారలేదు. పైగా కోలుకోవడం మొదలుపెట్టాయి. అంటే పరుగు సాగుతుండగానే ఒంటి జీవక్రియ కొత్త పద్ధతికి మారింది. కొవ్వు విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే గ్లిసరాల్ నుంచి, కండరాలు వదిలే లాక్టేట్ నుంచి కాలేయం గ్లూకోజ్‌ను తయారు చేసుకోగలదు. ఆ మార్గాలను ఈ కుక్కలు ఎలా ఉపయోగించుకుంటున్నాయన్న దానిపై పరిశోధన సాగుతూనే ఉంది. మధుమేహం, స్థూలకాయం మీద పనిచేసే శాస్త్రవేత్తలకు కూడా ఇది ఆసక్తి కలిగించే విషయం.

దీనివల్ల మషర్లకు ఒక ఆచరణాత్మక పాఠం ఉంది. ఆ మార్పు జరిగే తొలి రోజు కుక్కలు చాలా ఉత్సాహంగా ఉంటాయి. ఒళ్లు మాత్రం ఇంకా సర్దుకోలేదు. అనుభవజ్ఞులు అప్పుడే బ్రేకు మీద కాలు వేసి ఉంచుతారు.

చలి మిత్రుడు, వేడి శత్రువు

కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగిలినది వేడి. సగటున 545 వాట్లలో 400 వాట్లకు పైగా వేడిగా పోవాలి. మామూలు గదిలో నాలుగు పాతకాలపు వంద వాట్ల బల్బులు వెలిగించినట్టు. కుక్కకు పాదాల్లో తప్ప చెప్పుకోదగ్గ చెమట లేదు. నాలుక చాపి వగర్చడమే దాని ప్రధాన శీతలీకరణ యంత్రం. అందుకే ఈ కుక్కలకు సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉండే వాతావరణం హాయిగా ఉంటుంది. ఎండ కాస్త గట్టిగా కాసిన మధ్యాహ్నం ప్రమాదకరంగా మారుతుంది. అలాంటి రోజుల్లో మషర్లు పగలు ఆగి, రాత్రి పరుగెత్తిస్తారు.

మరి మంచులో పాదాలు గడ్డకట్టవా? జపాన్ శాస్త్రవేత్త హిరోయోషి నినోమియా బృందం కుక్క అరికాలి మెత్తలను సూక్ష్మదర్శినితో పరిశీలించి ఇందులోని రహస్యాన్ని వివరించింది. అక్కడ వెచ్చని రక్తం తెచ్చే ధమనులు, చల్లబడిన రక్తం తీసుకెళ్లే సిరలతో అతి దగ్గరగా అల్లుకుని ఉంటాయి. కిందికి పోయే రక్తం తన వేడిని పైకి వచ్చే రక్తానికి అప్పగిస్తుంది. అందువల్ల ఒంటి వేడి మంచులోకి వృథాగా పోదు. చల్లటి రక్తం నేరుగా గుండెకూ చేరదు.

అయినా పదునైన మంచు పలుకులు చర్మాన్ని కోస్తాయి. వేళ్ల మధ్య మంచు ఉండలు కడుతుంది. అందుకే ప్రతి పాదానికీ గుడ్డతో కుట్టిన తొడుగు వేస్తారు. 16 కుక్కలంటే 64 తొడుగులు. 20 మజిలీల్లో మారిస్తే 1,280. ఆగిన ప్రతిసారీ వాటిని విప్పి, వేళ్ల సందులు చూసి, లేపనం రాసి, బయలుదేరే ముందు మళ్లీ తొడగాలి. గడ్డకట్టే చలిలో ఉత్త చేతులతో చేసే ఈ పనిలో ఎవరి ఓపిక ఎంతో తేలిపోతుంది.

పడుకోవడం కూడా నేర్చుకోవాలి

చాలా జట్లు సుమారు ఆరు గంటలు పరుగు, ఇంచుమించు అంతే విశ్రాంతి అన్న పద్ధతి పాటిస్తాయి. నిబంధనల ప్రకారం దారిలో ఒకచోట 24 గంటలు, మరో రెండు చోట్ల ఎనిమిదేసి గంటలు తప్పనిసరిగా ఆగాలి. సాధన నెలల్లోనే కుక్కలను ఆరుబయట ఎండుగడ్డి పరచి పడుకోబెట్టడం అలవాటు చేస్తారు. గడ్డి కింద పడగానే చుట్టచుట్టుకుని, తోకతో ముక్కు కప్పుకుని నిద్రపోయే కుక్క మర్నాడు బాగా లాగుతుంది. కొత్త చోట నిలువలేక మొరిగే కుక్క ఎంత బలమైనదైనా మూడో రోజుకు అలసిపోతుంది.

కుక్కలు పడుకున్నాక మషర్ పని మొదలవుతుంది. మంచు కరిగించి నీళ్లు కాచాలి. చలిలో కుక్కలు ఉత్త నీళ్లు సరిగా తాగవు. మాంసం ముక్కలు వేసి పులుసులా ఇస్తే గటగటా తాగేస్తాయి. తిండి, తొడుగులు ముందే సంచుల్లో కట్టి, పోటీకి వారాల ముందు విమానాల్లో మజిలీలకు పంపి ఉంచుతారు. అన్నీ ముగిశాక మషర్‌కు మిగిలే నిద్ర గంటో రెండు గంటలో.

వైద్యుడి చేతిలో చిట్టా

పోటీకి ముందు ప్రతి కుక్కకూ రక్త పరీక్ష, గుండె లయ తెలిపే ఈసీజీ చేస్తారు. టీకాలు, నులిపురుగుల మందు తప్పనిసరి. చర్మం కింద గుర్తింపు చిప్ ఉంటుంది. దారిలో పశువైద్యులు మజిలీల్లో ఎదురుచూస్తుంటారు. గుండె కొట్టుకునే తీరు, ఒంట్లో నీటి శాతం, ఆకలి, ఉత్సాహం, బరువు, ఊపిరితిత్తుల శబ్దం చూసి మషర్ వెంట తెచ్చే పుస్తకంలో రాస్తారు. నొప్పిని కప్పిపుచ్చే మందులు పోటీలో నిషిద్ధం. నొప్పి తెలియని కుక్క గాయంతోనే పరుగెత్తేస్తుంది.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా ప్రమాదం మిగిలే ఉంది. పోటీ ముగిసిన కుక్కలకు ఎండోస్కోపీ చేసి చూసిన డేవిస్ బృందానికి దాదాపు సగం కుక్కల జీర్ణాశయంలో పుండ్లు లేదా గాయాలు కనిపించాయి. పైకి అవి ఆరోగ్యంగానే ఉన్నాయి. ఆ తర్వాత ఆమ్లాన్ని తగ్గించే మందుల మీద పరిశోధనలు జరిగి, వాటి వాడకం పెరిగింది. 1994 నుంచి 2006 వరకు పోటీలో చనిపోయిన 23 కుక్కల శవపరీక్ష వివరాలను 2008లో ఒక పత్రంలో విశ్లేషించారు. వాంతి పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చే న్యుమోనియా ముఖ్య కారణాల్లో ఒకటిగా తేలింది. 2024 పోటీలో మూడు కుక్కలు చనిపోయాయి.

అందుకే ఈ పోటీ ఉండాలా అన్న ప్రశ్న ఏటా వస్తుంది. మనిషి సరదా కోసం జంతువుకు ఇంత శ్రమ ఎందుకని జంతు సంక్షేమ సంఘాలు అడుగుతున్నాయి. ఇవి పరుగు కోసమే తరతరాలుగా పెంచిన ప్రాణులనీ, ఏ పెంపుడు కుక్కకూ అందనంత వైద్య పర్యవేక్షణ వీటికి ఉంటుందనీ మషర్లు బదులిస్తున్నారు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో, దాన్ని ఎలా తగ్గించవచ్చో విజ్ఞానశాస్త్రం చెప్పగలదు. ఎంత ప్రమాదం సమ్మతమో నిర్ణయించాల్సింది సమాజమే.

మరో ప్రశ్న వాతావరణం వేస్తోంది. మంచు చాలక 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో పోటీ ప్రారంభాన్ని ఉత్తరాన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చాల్సి వచ్చింది. మంచు ఆలస్యంగా పడితే సాధన కూడా ఎక్కువ కాలం మట్టి దారుల మీదే సాగుతుంది. వేడెక్కే ప్రపంచంలో వేడిని వదిలించుకోలేని ఈ జంతువుల పని మరింత కష్టమవుతుంది.

నోమ్ చేరేసరికి జట్టులో కనీసం ఐదు కుక్కలు ఉంటే చాలు. కాలు కుంటినా, తిండి మానేసినా, కళ్లలో ఉత్సాహం తగ్గినా ఆ కుక్కను మజిలీలో వైద్యులకు అప్పగిస్తారు. స్వచ్ఛందంగా వచ్చిన పైలట్లు చిన్న విమానాల్లో వాటిని వెనక్కి చేరుస్తారు. ఏ కుక్కను ఎక్కడ దింపాలన్నది మషర్ తీసుకునే నిర్ణయాల్లో అతి కష్టమైనది. ఒకటి తగ్గితే బండి బరువు మిగతావాటి మీద పడుతుంది. దింపకపోతే ఆ ఒక్క ప్రాణమే ప్రమాదంలో పడవచ్చు. గిన్నెలో తిండి మిగిల్చిన కుక్కను చూసి ముందే ఆ సంగతి గ్రహించగలిగిన వాడికే ఎనిమిది నెలల సన్నద్ధత ఫలించినట్టు.